బొమ్మల కథల జీర్ణోద్ధరణము

బొమ్మల కథలను గూర్చి ఇట్టి పత్రికలో వ్యాసము వ్రాయుట చూచి చదువరులలో కొందఱు చిఱునవ్వు నవ్వుదురని నేనెఱుగుదును. మా పాఠశాలలోని పెద్ద పండితులు నవ్వనే నవ్విరి. "ఏమండీ మాస్టారూ! రఘువంశము చెప్పెడి నోటితో ఈ పిల్లల బొమ్మలకు పాఠపరిష్కరణము చెప్పుదురా?" అని వారడిగిరి. వారి యెడల నాకు గౌరవము మెండు. అయినను ఈ విషయమున వారితో ఏకీభవింపజాలకున్నాను. శిథిలమైన దానిని ఉద్ధరింపబూనినవానికి కలుగు ధర్మసందేహములు తాళపత్రము నెడ నెట్టివో కామిక్సు పుస్తకము నెడను అట్టివే. దేనిని నిలుపవలెను? దేనిని దిద్దవలెను? ఎవరి కొఱకు అచ్చు వేయవలెను? ఈ మూడు ప్రశ్నలకును జవాబు వెదకుటయే ఈ వ్యాసము.

అమెరికాలో ఉద్యోగము చేయుచున్న నా పూర్వశిష్యుడొకడు ఇట్టి పుస్తకములను సేకరించుచుండును. సెలవులకు వచ్చినప్పుడెల్ల తాను చదివిన వానిని కొన్నిటిని నా యొద్ద విడిచి పోవును. అందు ఒకే కథకు పాత ముద్రణము, క్రొత్త ముద్రణము రెండును ఉండుట కలదు. మొదట నేను వానిని కాలక్షేపమునకే విప్పితిని. తరువాత రెంటిని ప్రక్క ప్రక్కన పెట్టి భూతద్దముతో చూడసాగితిని. చదువుకొన్న రోజులలో పాఠాంతరములు చూచుటకు అలవడిన కన్ను ఊరకుండదు గదా!

ముందుగా ఈ "స్వతంత్ర" చిత్రకథలనగా నేమో చెప్పవలెను. అమెరికాలో చిత్రకథలు చిరకాలము పెద్ద కంపెనీల సొత్తు. గీసినవాడు కూలివాడు, గీసినది యజమానునిది. 1938లో జెర్రీ సీగెల్, జో షుస్టర్ అను ఇద్దఱు యువకులు తాము సృష్టించిన సూపర్‌మాన్‌పై సర్వహక్కులను 130 డాలర్లకు అమ్ముకొనిరి. ఆ బొమ్మ కోట్లు గడించుచుండగా వారు ముసలితనమున ఇబ్బందులు పడిరి. 1975లో లోకము నిందింపగా కంపెనీవారు వారికి వార్షిక భరణము నేర్పఱచి, కథలపై వారి పేళ్లు వేయుట కంగీకరించిరి. 1954లో ప్రకాశకులు తమకు తామే విధించుకొన్న నియమావళి వచ్చిన పిదప, ఏమి గీయవచ్చునో ఏమి గీయరాదో కూడ గీయువాని చేతిలో లేకపోయెను.

ఈ రెండు సంకెళ్లను త్రెంచుకొన్నవారే స్వతంత్రులు. 1968లో శాన్ ఫ్రాన్సిస్కోలో రాబర్ట్ క్రంబ్ తన "జాప్" పత్రికను వెలువరించెను. 1978లో వెండీ పినీ అను చిత్రకారిణి తన భర్త రిచర్డుతో కలిసి "ఎల్ఫ్‌క్వెస్ట్" కథను ఆరంభించెను. గీయునది ఆమె, అచ్చు వ్యవహారములు చూచునది ఆయన. 1982లో డేవ్ స్టీవెన్స్ "రాకెటీర్" కథను ఒక చిన్న కంపెనీవారి పుస్తకములో వెనుక పుటలలో మొదలు పెట్టెను. 1991లో ఒహాయో రాష్ట్రములోని కొలంబస్ నగరమున జెఫ్ స్మిత్ తన "బోన్" కథను తానే అచ్చొత్తించుకొనెను. వీరెల్లరకును సామాన్యమైనది ఒక్కటి: కథయు బొమ్మయు హక్కును గీసినవారివే.

అయితే స్వాతంత్ర్యమునకు మూల్యము చెల్లింపక తప్పదు. పెద్ద కంపెనీకి బీరువా ఉండును, గిడ్డంగి ఉండును, గుమాస్తా ఉండును. స్వతంత్రునకు వంటయింటి బల్ల యొక్కటియే ఉండును. అచ్చు వేసిన ప్రతులు కొలది. అందు మిగిలినవి మఱి కొలది. అచ్చుకు వాడిన నెగటివులు ఏ ముద్రాలయపు మూలనో తేమకు అంటుకొనిపోవును. మూలచిత్రములందుమా, ఇంటి అద్దె కట్టుటకై చిత్రకారుడే వానిని పుటపుటగా అమ్ముకొనును. ఒకే కథలోని పదవ పుట ఒక దేశమునను పదునొకండవ పుట మఱియొక దేశమునను గోడలకు వ్రేలాడుచుండును. జాప్ పత్రికయందే మంచి యుదాహరణము కలదు. క్రంబ్ మొదట సిద్ధము చేసిన సంచికయొక్క మూలచిత్రములను అచ్చు వేయుదునన్నవాడొకడు తీసికొనిపోగా అవి మఱల రాలేదు. చిత్రకారుని యొద్ద నకళ్లు మిగిలియుండుటచేత ఆ సంచిక సున్న సంఖ్యతో తరువాత వెలువడినది. ఒక్క నకలు కాగితము ఒక గ్రంథమును మృత్యుముఖమునుండి తప్పించెను.

ఇక కాగితము సంగతి. చౌక కాగితము కొయ్యగుజ్జుతో చేయబడినది. ఆ గుజ్జులోని లిగ్నిన్ అను పదార్థము వెలుతురునకును గాలికిని పసుపు బాఱును. కాగితమున నిలిచిన ఆమ్లము దాని పోగులను లోలోపల తినివేయును. మన తాటియాకునకు పురుగు బయటనుండి పట్టును. ఈ కాగితమునకు పురుగు పుట్టుకతోనే లోపల నుండును. మూడు నాలుగు వందల యేండ్లు నిలిచిన తాళపత్రములు మనకు కలవు. నలువది యేండ్ల నాటి కామిక్సు పుస్తకమును మడత విప్పినచో అంచు పొడియై చేతికంటుకొనుట నేను కన్నులార చూచితిని.

ఇట్టి దానిని ఉద్ధరించు పని యెట్లు సాగునో కొంచెము వివరింతును. మూలచిత్రము దొరికినచో అదియే ఉత్తమము. దానిని స్కానరుపై నుంచి మిక్కిలి సూక్ష్మముగ, అంగుళమునకు 1200 చుక్కల వంతున, నకలు తీయుదురు. మూలము దొరకనిచోట నెగటివును, అదియు లేనిచోట శుభ్రమైన పాత అచ్చుప్రతిని ఆశ్రయింతురు. అచ్చుప్రతినుండి తీసినప్పుడు చిక్కులు హెచ్చు. సిరా ప్రాకి సన్నని గీతలు లావగును. వెనుక పుటలోని నలుపు ముందునకు తొంగిచూచును. నీడలకై చిత్రకారుడు అంటించిన చుక్కల పలుచని పొర యొకటి యుండును. దానిని అజాగ్రత్తగా పెంచినను తగ్గించినను, పాత చుక్కలును క్రొత్త అచ్చు చుక్కలును ఒకదానితో నొకటి పోరాడి, పట్టు చీరపై నీటి మరకవలె అలలు అలలుగా మచ్చలు తేలును. దీనికి మందు ఓర్పు తప్ప మఱొకటి లేదు. పుట వెంట పుట, చుక్క వెంట చుక్క సరిచూచుకొనవలసినదే.

రంగుల సంగతి మఱియు విచిత్రమైనది. పాత పుస్తకములలో పసుపు, ఎఱుపు, నీలి సిరాలు మూడింటిని మూడేసి పాళ్లలో చుక్కలుగా వేసి అఱువదినాలుగు వన్నెలు పుట్టించెడివారు. ఆ చుక్కలు ముతక కాగితముపై కొంత ఇంకి, కొంత వ్యాపించి, మందమైన ఒక శాంతిని పొందెడివి. వేసినవానికి ఈ సంగతి తెలియును. కాగితము తన వంతు పని తాను చేయునని లెక్క వేసికొనియే వాడు రంగు ఏర్పఱచెను. ఇప్పుడు అదే లెక్కను నిగనిగలాడు తెల్లని కాగితముపై దించినచో రంగులు కన్నులను పొడుచును. "ఉన్నది ఉన్నట్లు వేసితిమి" అని ముద్రాపకుడు ప్రమాణము చేయవచ్చును; కాని ఉన్నది ఉన్నట్లు రాలేదు. అక్షరమును కాపాడి అర్థమును పోగొట్టుట యనగా ఇదియే.

ఇచ్చట నాకు మన పరిష్కర్తలు జ్ఞప్తికి వచ్చుచున్నారు. బ్రౌను దొరవారు పండితులను కూర్చుండబెట్టి ప్రతులను సరిచూపించినప్పుడు కలిగిన సమస్య ఇట్టిదే. వ్రాయసకాని తప్పు ఏది, కవి ప్రయోగము ఏది? పండితుడు తనకు నచ్చని మాటను తప్పని కొట్టివేసి తన మాటను పెట్టినచో, చదువరి చేతికి వచ్చునది కవియా, పండితుడా? 1919 మొదలు 1966 వఱకు పూనాలోని భండార్కర్ సంస్థవారు మహాభారతమును పరిష్కరించినప్పుడు ఒక మంచి త్రోవ చూపిరి. నిర్ణయించిన పాఠమును పైనను, విడిచిన పాఠములను క్రిందను ముద్రించిరి. మా నిర్ణయము ఇది, మీకు నచ్చకున్న ఇవిగో తక్కినవి యని చదువరి చేతిలో తీర్పు నుంచిరి. పరిష్కర్తకు ఇంతకు మించిన వినయము లేదు.

చిత్రకథలలో ఈ వినయమునకు సాటియైనదానిని నేను రాకెటీర్ కథయందు చూచితిని. డేవ్ స్టీవెన్స్ మెల్లగా గీయువాడు. ఆ కథ మొత్తము ఒక్క సన్నని సంపుటమునకు సరిపోవును. అతడు 2008లో వ్యాధిచే మరణించెను. మరణమునకు ముందే తన కథకు క్రొత్తగా రంగులు వేయుటకు లారా మార్టిన్ అను ఆమెను తానే ఎన్నుకొనెను. ఆ సంపుటము 2009లో వెలువడినది. కర్త కోరిక యుండుటచేత దానిని మార్పు అని నిందింప వీలులేదు. అయినను పాత రంగులకు అలవాటుపడినవారికి అది క్రొత్త పుస్తకమే. మఱుసటి యేడు, 2010లో, స్కాట్ డన్‌బియర్ అను సంపాదకుడు మఱొక పద్ధతి నవలంబించెను. మూలచిత్రములను అవి యెంత పెద్దవో అంతే కొలతలో, రంగుల ఛాయాచిత్రమువలె నకలు తీసి అచ్చు వేయించెను. అందు సిరా గీతల క్రింద నీలి పెన్సిలు గుర్తులు కనబడును. దిద్దుబాటునకై పూసిన తెల్లరంగు కనబడును. అంటించిన మాటల ముక్కలు, వాని జిగురు మరకలు కూడ కనబడును.

ఆ పుస్తకమును మా తరగతి పిల్లలకు చూపితిని. బొమ్మలు గీయు అలవాటున్న ఒక బాలుడు తెల్లరంగు పూసిన చోటును వ్రేలితో చూపి, "ఇంత గొప్పవారు కూడ కొట్టివేసి మఱల గీసికొందురాండీ?" అని యడిగెను. కొట్టివేతలు లేని కాపీపుస్తకమే మంచిదని మేము వారికి బోధించుచున్నాము. ఆ దినమున ఆ బాలుడు నేర్చుకొన్నది నేను ఉపన్యాసముతో నేర్పగలిగినది కాదు. చిత్తు గూడ దాచవలసిన ధనమే యని ఆ పుస్తకము వానికి చెప్పెను.

దిద్దుట యను ప్రశ్నకు ఇంతకంటె లోతైన ముఖము మఱొకటి యున్నది. మరకను తుడువవచ్చును, మనస్సులోని మరకనో? జాప్ మొదలైన ఆ కాలపు పత్రికలు నియమావళిని ధిక్కరించినవి సరే. కాని వాని పుటలలో స్త్రీని గూర్చియు నల్లజాతివారిని గూర్చియు గీసిన బొమ్మలు కొన్ని చూచుటకే రోతగా నుండును. రాజ్యముతో పోరాడిన స్వతంత్రులు తమ యింటి యాడువారి స్వాతంత్ర్యము మాట మఱచిరి. ఈ మఱపు ఒక్క అమెరికావారిదే కాదని మన సంస్కరణోద్యమ చరిత్ర నెఱిగినవారికి చెప్పనక్కఱలేదు. ఆ పురుషుల గుంపులో చోటు దొరకక, 1970లో ట్రీనా రాబిన్స్ తోడి చిత్రకారిణులతో కలిసి "ఇట్ ఎయింట్ మీ బేబ్" అను పుస్తకమును వెలువరించెను. అది ఆ దేశమున కేవలము స్త్రీలే గీసి కూర్చిన తొలి కామిక్సు పుస్తకము. 1972లో "విమెన్స్ కామిక్స్" మొదలై 1992 వఱకు పదునేడు సంచికలు నడచెను. ఒకరి పెత్తనము లేకుండ సంపాదకత్వము వంతులవారీగా చేతులు మాఱుచుండెను. ఈ సంచికలన్నిటిని 2016లో సియాటిల్ నగరపు ఫాంటాగ్రాఫిక్స్ వారు రెండు సంపుటములుగా పునర్ముద్రించిరి. 2024లో కాలధర్మము చెందిన ట్రీనా రాబిన్స్ ఆ సంపుటములను కనులార చూచుకొనినది.

కళాశాలలో చదువుచున్న మా అమ్మాయి ఆ సంపుటములను చదివినది. అందు ఇంటిల్లిపాది కూర్చుండి చదువుకొనరాని పుటలు లేకపోలేదు. వానిని గూర్చి ఆమె నన్ను ఏమియు అడుగలేదు. పుస్తకము మూసి, "నాన్నగారూ! మరి వీరు ఎవరిమీద కోపముతో ఇవి గీసిరో ఆ బొమ్మలు గూడ చూడవలెను గదా?" అని యడిగినది. నా ఆలోచన ఆ మాటతో స్థిరపడినది. పురుషులు గీసిన ఆ రోత బొమ్మలను పునర్ముద్రణములో తీసివేసినచో, స్త్రీలు ఎందుకు వేఱుపడిరో తరువాతి తరమునకు తెలియదు. జబ్బును చెఱిపివేసి మందును మాత్రము దాచినట్లగును. దోషమును దోషమని పీఠికలో నిర్భయముగ చెప్పవలెను. పుటలో మాత్రము దానిని ఉన్నట్లు నిలుపవలెను. పసిపిల్లల చేతికి ఏది ఇయ్యవలెనో ఏది ఇయ్యరాదో నిర్ణయించుకొనుట ఇంటిపెద్దల పని. చరిత్రను కత్తిరించుట పరిష్కర్త పని కాదు.

ఇక మూడవ ప్రశ్న: ఎవరి కొఱకు? ఈ పునర్ముద్రణములలో అనేకము సేకర్తల కొఱకు తయారగుచున్నవి. గట్టి అట్ట, పట్టుదారపు గుర్తు, పైన పెట్టె, లోపల చేవ్రాలు, పరిమిత సంఖ్య. వెల చూచినచో మావంటి ఉపాధ్యాయుని నెల బడ్జెటు తలక్రిందులగును. పాత సంచికలకైతే 2000వ సంవత్సరము నుండి మఱొక మర్యాద జరుగుచున్నది. పుస్తకమును పరీక్షించి, పదింటికిగాను ఇన్ని యంకెలని మార్కులు వేసి, పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టెలో ముద్ర వేసి మూయుదురు. పెట్టెను పగులగొట్టినగాని పుట విప్పరాదు. పగులగొట్టినచో వెల తగ్గును. చదువుటకు పుట్టిన పుస్తకము చదువకుండుటచేతనే విలువ పొందుచున్నది! మా శిష్యునితో ఈ మాట యన్నప్పుడు అతడు నవ్వి, "మీ అటక మీది తాళపత్రములను మీరు ఎన్నిమార్లు విప్పితిరి మాస్టారూ?" అనెను. ఏటేట సరస్వతీపూజనాడు పసుపు కుంకుమలతో పూజించి మఱల కట్టివేయు గ్రంథములను తలచుకొని నేను ఊరకుంటిని.

కావున సేకర్తను నిందించి ఊరకుండుట న్యాయము కాదు. గ్రంథాలయములు ఛాయాచిత్రపు చుట్టలు తీసికొని అసలు వార్తాపత్రికల సంపుటములను పాఱవేయుచున్న కాలమున, బిల్ బ్లాక్‌బియర్డ్ అను ఒంటరి మనిషి శాన్ ఫ్రాన్సిస్కోలో తన యింటిని గిడ్డంగిగా మార్చి వానిని చేర్చుకొనెను. 1998లో అతని సేకరణము ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయపు చిత్రకథా గ్రంథాలయమునకు చేరినప్పుడు దాని బరువు 75 టన్నులు. ఆఱు పెద్ద లారీలు పట్టినది. అందఱు చెత్త యన్నదానిని అతడు మోసెను. నేటి పునర్ముద్రణములు అనేకము ఆ మోతపై నిలిచినవి. అట్లే చెదరిన మూలచిత్రములను కొనిన సేకర్తలు వానిని నకలు తీయుట కియ్యనిచో కథలు కొన్ని పూర్తికావు. వెండీ పినీ దంపతులు 2013లో తమ మూలచిత్రములను, కాగితములను కొలంబియా విశ్వవిద్యాలయమున కొసగిరి. అమ్ముకొనినచో ఎంతో ధనము వచ్చునట్టి వస్తువును పదిమంది చూచుచోట నుంచుట దానము కాదా?

నా నిర్ణయమిది. పెట్టెలోని పుస్తకము ఉండవలెను. చేతిలోని పుస్తకమును ఉండవలెను. మొదటిదానిపై వచ్చిన లాభము రెండవదానికి ఊతమైనచో ఇద్దఱును ధన్యులు. జెఫ్ స్మిత్ "బోన్" కథను చూడుడు. 2004లో కథ ముగిసిన యేడే, 1300 పుటలకు మించిన నలుపు తెలుపుల ఏకసంపుటము వెలువడినది. 2005 నుండి స్కొలాస్టిక్ వారు స్టీవ్ హమేకర్ రంగులతో చిన్న చిన్న సంపుటములుగా బడిపిల్లలకు అందించిరి. నలుపు తెలుపులు కోరినవారికి అవి యున్నవి. రంగులు కోరిన పిల్లలకు రంగులున్నవి. ఒకటి రెండవదానిని చంపలేదు. ఇంటింట తిరిగి చినిగిపోవు ప్రతులు లక్షగా నున్నప్పుడే పెట్టెలోని ప్రతికి అర్థము కలదు. ఎవరును చదువని కథను ఉద్ధరించుట దేవుడు లేని గుడికి సున్నము కొట్టుటయే.

ఈ పరదేశపు ముచ్చట మనకేల యందురా? మన యిండ్లలోను ఇట్టి కాగితమే నలుగుచున్నది. 1902లో స్త్రీల కొఱకు మొదలైన "హిందూసుందరి"ని, 1947లో మదరాసున మొదలైన "చందమామ"ను, పేరుకూడ మఱచిన చిన్న చిన్న పిల్లల పత్రికలను తాతమ్మలు, అమ్మమ్మలు దాచి యుంచిరి. ఒక పాత పత్రికలోని వ్యాసమును బాలికలకు చదివి వినిపింపగోరి నేనొక గ్రంథాలయమునకు పోగా, సంపుటము దొరకినది గాని కావలసిన పుటలు చెదలకు ఆహారమైనవి. ఆ వ్యాసకర్త్రి చెప్పదలచినదేమో మా తరగతిలోని బాలికలకు ఇక తెలియదు. ఆమె పలుకునకు అడ్డుపడినది ఆమె కాలపు చాదస్తులు కారు, మన కాలపు ఏమఱుపాటు.

కనుక చదువరులకు నా మనవి. పండుగకు ఇల్లు దులుపునప్పుడు పాత కాగితముల కట్టను తూకమునకు వేయక ముందు ఒక్కమాఱు విప్పి చూడుడు. తేదీయు సంచిక సంఖ్యయు ఒక చీటీపై వ్రాసి పెట్టుడు. చేతనైనచో సెల్‌ఫోనుతోనైనను పుటపుటకు నకలు తీయించి, అట్టి పని చేయు గ్రంథాలయమునకో విద్యార్థికో అందింపుడు. మరకలను తుడువ తొందరపడవలదు. చినిగిన అంచులకు జిగురుపట్టీ అంటింపవలదు, కొన్నాళ్లకు ఆ జిగురే కాగితమును పసుపు చేసి తినివేయును. ఇంటిలో ఆడుపిల్ల యున్నచో ఆమెను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఈ పని చేయుడు. ఆ పుటలలో ఆమె అమ్మమ్మ వ్రాసిన ఉత్తరమొకటి అచ్చయి యుండవచ్చును.